మూడవ బావి
(ఆదికాండము 26:17–22 ధ్యానము)

ప్రియులారా, మంజీరానదిపై 1931లో నిజాంసాగరు పూర్తియైన పిమ్మట, కోస్తా జిల్లాల రైతులనేకులు మన బాన్సువాడ ప్రాంతమునకు వచ్చి, మడులు కట్టి స్థిరపడిరి. ముందున్నవారి మధ్య క్రొత్తవాడు నిలువగోరుట పాపమా? కాదు, ఎట్లు నిలుచుననునదే ప్రశ్న.

ఇస్సాకు త్రవ్విన బావికై గెరారు కాపరులు జగడమాడిరి. రెండవదానికిని అట్లే చేసిరి. తన తండ్రి బావులు పూడ్చబడినను, అతడు పగతో ఎవరి బావినైనను పూడ్చినట్లు వ్రాయబడలేదు. త్రవ్వుటయు మానలేదు. మూడవదానికి జగడము లేదు. ఎడము దొరికెనని దానికి రహెబోతు అని పేరుపెట్టి, ఆ ఎడము ప్రభువిచ్చినదే అనెను.

పొరుగువాని కాలువకు అడ్డుకట్ట వేసి పండించిన పంట దీవెన కాదు. మరియు, నేడు స్థిరపడిన మనము, రేపు వచ్చువానికి తూము మూయుచున్నామా? ఒకప్పుడు ఎడము పొందినవారము, ఎడమిచ్చుదము.