అనాతోతు పొలము

యూదారాజు సిద్కియా యేలుబడి నాలుగవ యేట యెరూషలేము దేవాలయమున, యాజకులును జనులును వినుచుండగా, హనన్యా యను ప్రవక్త నిలిచి, బబులోనురాజు కాడి విఱిగినదనియు, చెరపోయిన రాజును జనులును ఆలయోపకరణములును రెండేండ్లలో మరలివచ్చుట నిశ్చయమనియు ప్రకటించెను. అది విని ప్రవక్తయైన యిర్మీయా మొదట పలికిన మాట ఆమేన్. ఆ మాటలో ఎత్తిపొడుపు కలదని తలంచు వ్యాఖ్యాతలున్నారు గాని నాకట్లు తోచదు. తాను చాటవలసివచ్చిన విపత్తు తన జనులమీదికి రాకుండవలెనని హృదయపూర్వకముగా కోరుకొనినవాని మాట యది. అయినను తన కోరికనే దైవవాక్యమని భ్రమించుట కాతడు సమ్మతింపలేదు. క్రీ.పూ. 597లో బబులోనునకు చెరపోయినవారి కాతడు వ్రాసిన లేఖ, ఆ పరదేశముననే యిండ్లు కట్టుకొని, తోటలు నాటుకొని, బిడ్డలకు వివాహములు చేసి, తమ్ము చెరగొనిన పట్టణపు క్షేమముకొఱకే ప్రార్థింపవలెననియు, 70 ఏండ్లు నిండిన పిదపగాని విడుదల లేదనియు తెలుపుచున్నది. లేఖ నందుకొనిన పెద్దలలో స్వదేశమును మరల చూడగలవా రెందఱుందురు? నిజమైన ఆశకు ఇంతటి నిర్దయమైన సత్యము పునాదిగా నుండవలెనా యని చదువరికి బాధ కలుగును. ఉండవలెననియే యిర్మీయా గ్రంథము నాకు నేర్పినది.

ఇట్టి కఠోరవాక్కులు పలికినవాడే, ఆఱేండ్ల పిమ్మట బబులోనురాజు నెబుకద్రెజరు సేనలు నగరమును చుట్టుముట్టియుండగా, తాను చెరసాల ప్రాకారమున బందీయైయుండి, ఒక పొలము కొనెను. తండ్రి తోడబుట్టినవాని కుమారుడు హనమేలు వచ్చి, వంశభూమి పరుల పాలు కాకుండ విడిపించు ధర్మము నీదే గనుక అనాతోతులోని నా పొలమును కొనుమని యడిగెను; అది దైవాజ్ఞయే యని యిర్మీయా యెఱిగెను. అనాతోతు యెరూషలేమునకు ఈశాన్యమున సుమారు 5 కిలోమీటర్ల దూరమున నున్న యాజకుల యూరు, యిర్మీయా జన్మస్థలము. ఆతని ప్రవచనములకు కినిసి ఆతని ప్రాణము తీయజూచినవారును ఆ యూరివారే. ముట్టడికి అవతల, శత్రుసేనల కందుబాటులో నున్న ఆ నేలకు ఆతడు 17 తులముల వెండి తూచి యిచ్చి, క్రయపత్రము వ్రాసి సాక్షులచేత చేవ్రాళ్లు చేయించి, ముద్రవేసిన ప్రతిని, ముద్రలేని ప్రతిని తన లేఖకుడు బారూకున కప్పగించి, బహుకాలము చెడకుండ మట్టికుండలో నుంచుమనెను. (మట్టికూజాలు వ్రాతల నెంతకాలము కాపాడగలవో 1947లో కుమ్రాను గుహలలో బయల్పడిన ప్రాచీన గ్రంథపు చుట్టలవలన లోకమునకు తెలిసినది.) ముట్టడిలోని నగరమున వెండి విలువ యెట్టిదో, పైకమున్నను రొట్టె దొరకని దినము లెట్టివో తెలిసినవారికి ఆ క్రయము ఉన్మాదముగా తోపకపోదు.

ఆతనికిని అట్లే తోచినది. పత్రము బారూకు చేతికిచ్చిన పిమ్మట ఆతడు చేసిన ప్రార్థన సృష్టికర్త మహిమను కొనియాడుటతో మొదలై, ఐగుప్తునుండి విడుదలను స్మరించి, కట్టకడపట, నగరము కల్దీయులైన బబులోనువారి వశమగుచుండగా పొలము కొనుమని నాకేల యాజ్ఞాపించితివని దేవునే నిలదీయుటతో ముగియుచున్నది. సంశయము తీఱిన పిమ్మట వెండి తూచినవాడు కాడు. తూచిన పిమ్మటగాని సంశయమును పైకి చెప్పుకొననివాడు. భక్తుల చరిత్రలలో ఇంత నిష్కపటమైన ఘట్టము అరుదు. మనస్సు కుదుటపడిన గాని మంచిపనికి పూనుకొనజాలమనుకొనువారికి ఈ ప్రార్థనను మాటిమాటికి చదువుమని నేను చెప్పుచుందును.

నగరము మఱుసటి యేట కూలెను, దేవాలయము దగ్ధమయ్యెను. వివాహము చేసికొనవలదని దైవాజ్ఞ పొందిన యిర్మీయాకు ఆ పొలము ననుభవించు సంతానము లేదు. మిగిలిన జనులు ఆతని మాట త్రోసివేసి ఐగుప్తునకు పోవుచు ఆతనిని గూడ తోడ్కొనిపోయిరి. ఆతడు తిరిగివచ్చి అనాతోతులో నాగలి పట్టినట్లు గ్రంథమున లేదు. క్రీ.పూ. 538లో పారసీకరాజు కోరెషు సెలవీయగా మరలివచ్చినవారి పట్టిక ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయమున నున్నది. అందు అనాతోతువారు 128 మంది. యిర్మీయా వెండి తూచి యిచ్చినది, తన్ను చంపజూచిన యూరివారి మనుమలు నిలుచుటకు నేల యుండవలెనని.