పెద్ద దినం

డిసెంబరు 25ను హిందీవారు 'బడా దిన్' అంటారు. పెద్ద దినమని అర్థం. గడియలు లెక్కిస్తే అది మన దేశంలో సంవత్సరంలోని అతి హ్రస్వమైన పగళ్లలో ఒకటి. అయినా ఆ పేరు యథార్థమని ఎరిగినవారు కొందరున్నారు. పండుగనాడు ఒంటరిగా మిగిలినవారికి ఆ పగలు ఒక పట్టాన గడవదు.

రాంచీ ప్రాంతాన మెక్‌లస్కీగంజ్ అనే ఊరున్నది. ఆంగ్లో-ఇండియనులకు తమదనదగిన చోటొకటి ఉండవలెనని ఎర్నెస్ట్ తిమోతీ మెక్‌లస్కీ 1933లో దానిని నెలకొల్పాడు. కొన్ని వందల కుటుంబాలు వచ్చి బంగళాలు కట్టుకున్నవి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత పడుచువారు ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు, కెనడాకు తరలిపోయారు. చాలా ఇళ్లలో వృద్ధులే మిగిలారు. అట్టివారిని చూచి, "క్రిస్మస్ కదా, సంతోషంగా ఉండండి" అనటం న్యాయమేనా? సంతోషం తెమ్మంటే వచ్చేదా? తెచ్చుకోలేకపోవటం దోషమా?

డికెన్సు 1843లో ప్రకటించిన 'ఎ క్రిస్మస్ కేరల్' ఈ విషయంలో కొంత అపకారం చేసిందని నా అభిప్రాయం. పండుగను ఈసడించే స్క్రూజ్ దిద్దుబాటు పొందవలసినవాడే, సందేహం లేదు. కాని ఆనాటినుండి నవ్వనివాడల్లా స్క్రూజ్‌గానే కనబడుతున్నాడు. దుఃఖితుడికీ లోభికీ భేదం చెరిగిపోయింది.

మన పూర్వులు ఈ భేదాన్ని గుర్తించారు. ఇంట మృత్యువు సంభవిస్తే ఆ యేడు పండుగ లేదు. ఎందుకు చేయలేదని ఎవరూ అడగరు. ఉత్తరాదిని పండుగనాడే ఒకరు పోతే ఆ పండుగ 'ఖోటా' అయినదంటారు. ఏనాటికో అదే పండుగనాడు ఆ ఇంట బిడ్డ పుట్టేదాకా జరుపుకోరు. ఇది దయగల ఆచారం. పూర్తిగా దయగలదని మాత్రం అనలేను. ఈ అనుమతియే కాలక్రమాన నిషేధమైనది. మనస్సు తేరుకున్న వితంతువును సైతం శుభకార్యాల వాకిట నిలిపివేసినది మనమే. ఏడవమని శాసించటం నవ్వమని శాసించటంకన్న మేలు కాదు.

రవీంద్రుడు 1910లో శాంతినికేతనంలో క్రీస్తు ఉత్సవం ఆరంభించాడు. అంతకు మూడేళ్ల క్రితమే ఆయన చిన్న కుమారుడు శమీంద్రుడు కన్నుమూశాడు. ఆ ఉత్సవం ఆయన శోకాన్ని మాన్పినదని నేననను. ఉపాసనా మందిరంలో పాటలు, ప్రార్థన. అక్కడ కూర్చున్నవారిని నవ్వమని ఎవరూ కోరరు. అంతమాత్రం చాలుననిపిస్తుంది.

మా పొరుగున ఒక రైల్వే ఉద్యోగి భార్య, వృద్ధురాలు, ఉండేది. కొడుకు ఆస్ట్రేలియాలో. పండుగనాడు ఉదయం రెండు గంటలు తలుపు తెరిచి ఉంచి, వచ్చిన పిల్లలకు కేకు పెట్టి, తరువాత గడియ వేసుకొనేది. వాడలో ఆమెకు పిసినారి అని పేరు. ఒకనాడు నేను సాహసించి అడిగితే, "రెండు గంటలు మీకు బాబూ. తక్కిన పగలు ఆయనకు ఉత్తరం వ్రాసుకుంటాను" అన్నది. ఆయన పోయి అప్పటికి పదకొండేళ్లు.