పేరు, ఓటు, రుజువు: ఓటర్ల జాబితాలో నైతిక భారం ఎవరిది?

ఉపోద్ఘాతం

ఓటుహక్కును గురించిన చర్చ సాధారణంగా పోలింగు కేంద్రం దగ్గర మొదలవుతుంది. కాని ఆ హక్కు నిలిచేదీ పోయేదీ అంతకుముందే, ఓటర్ల జాబితా తయారయ్యే దశలోనే. భారత రాజ్యాంగంలోని 326వ అధికరణం వయోజన ఓటుహక్కును గుర్తించింది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటర్ల పేర్లు నమోదు చేసే పద్ధతిని నిర్దేశించింది. 1951 నాటి చట్టంలోని 62వ సెక్షను ప్రకారం జాబితాలో పేరు లేనివారు ఓటు వేయడానికి వీలులేదు. అంటే రాజ్యాంగం గుర్తించిన హక్కు ఒక కాగితం మీది పేరుగా మారితేనే ఆచరణలోకి వస్తుంది. ఆ పేరు విషయంలో సందేహం కలిగినపుడు రుజువు భారం పౌరునిదా, రాజ్యానిదా? ఇది పరిపాలనకు సంబంధించిన ప్రశ్నగా కనిపించినా మూలంలో నైతిక ప్రశ్న. దీనిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొలి జాబితా: రెండు నిర్ణయాలు

స్వతంత్ర భారతదేశపు తొలి ఓటర్ల జాబితా తయారీ రాజ్యాంగం అమలులోకి రాకముందే రాజ్యాంగసభ సచివాలయం పర్యవేక్షణలో ప్రారంభమైంది. దేశవిభజన మూలంగా ఇల్లూ వాకిలీ విడిచి వచ్చిన లక్షలాది కాందిశీకుల వద్ద నివాసాన్ని రుజువు చేసే కాగితాలు లేవు. ఇక్కడే స్థిరపడదలచామని వారు ఇచ్చిన ప్రకటనను ఆధారంగా తీసుకొని పేర్లు నమోదు చేయాలని సచివాలయం నిర్ణయించింది. కాగితం లేని చోట రాజ్యం మనిషి మాటను నమ్మింది.

స్త్రీల విషయంలో జరిగింది వేరు. ఇంటింటికీ వెళ్లిన నమోదు సిబ్బందికి అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. పరాయి పురుషునికి పేరు చెప్పడం మర్యాద కాదన్నది నాటి ఆచారం. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అన్న వివరమే కాగితాలకెక్కింది. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ దీనిని అంగీకరించలేదు. అసలు పేరు రాయాలని, లేనిచోట నమోదును తొలగించాలని ఆదేశించారు. బీహారులో గడువు పొడిగించినా, మొత్తం మీద సుమారు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో దాదాపు 28 లక్షల మంది జాబితాకు దూరమయ్యారు. వీరిలో అధికులు బీహారు, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్‌లకు చెందినవారు.

సేన్ నిర్ణయంలో ఒక ఆదర్శముంది. స్త్రీని మరొకరి నీడగా గాక స్వతంత్ర వ్యక్తిగా గుర్తించాలన్నదే ఆ ఆదర్శం. తొలగింపు వల్ల కలిగిన కలవరం మేలే చేస్తుందని, తరువాతి ఎన్నికల నాటికి ఆ సంకోచం పోతుందని ఆయన ఆశించారు. 1957 నాటికి పరిస్థితి చాలావరకు మెరుగుపడింది కూడా. అయినా ప్రశ్న మిగిలే ఉంది. భావితరాల మేలు కోసం 28 లక్షల మంది తమ తొలి ఓటును కోల్పోయారు. ఆ మూల్యాన్ని వారు ఇష్టపడి చెల్లించలేదు. పేరు చెప్పనివ్వని ఆచారం సమాజానిది, శిక్ష మాత్రం స్త్రీలది. తెలుగులో ‘పేరు పోవడం’ అంటే గౌరవం పోవడం. ఇక్కడ గౌరవం పోతుందని పేరు దాచుకున్నవారికి ఆ దాపరికం వల్లనే ఓటు పోయింది.

రెండు తప్పులు సమానమా?

ఏ జాబితాలోనైనా రెండు రకాల తప్పులు దొర్లుతాయి. అనర్హుని పేరు చేరడం ఒకటి, అర్హుని పేరు పోవడం రెండవది. మొదటిది స్వల్పమైనదేమీ కాదు. దొంగ ఓటు ఒక నిజమైన ఓటు విలువను హరిస్తుంది. మృతుల పేర్లు, రెండుచోట్ల నమోదైన పేర్లు తొలగించడం ఎన్నికల సంఘం కర్తవ్యం. జాబితా శుద్ధిని కోరేవారి వాదంలో ఈ మేరకు న్యాయముంది.

కాని ఈ రెండు తప్పుల పర్యవసానాలు ఒకటి కావు. అనర్హుడు ఓటు వేయడానికి వస్తే అడ్డుకొనే మార్గాలు చివరిక్షణం వరకు ఉన్నాయి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం అభ్యర్థి ఏజెంటు 2 రూపాయలు చెల్లించి ఓటరు గుర్తింపును సవాలు చేయవచ్చు. ఒకరి ఓటును మరొకరు వేసిపోతే అసలు ఓటరుకు టెండరు ఓటు వేసే అవకాశముంది. జాబితాలోనే పేరు లేని అర్హునికి మాత్రం ఆనాడు ఏ దారీ లేదు. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికలనాడు తమ పేర్లు లేవని తెలిసి ఎందరో వెనుదిరిగారు. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి క్షమాపణ కోరారు. క్షమాపణ ఉచితమే, కాని అది ఆనాటి ఓటును తిరిగి ఇవ్వలేదు. సరిదిద్దగల తప్పును నివారించడానికి సరిదిద్దలేని తప్పు చేయడం నీతి కాదు.

అనుగ్రహమా, హక్కా?

రుజువు భారం ఎవరిదన్నది ఓటు స్వభావాన్ని బట్టి తేలుతుంది. ఓటు శాసనం ఇచ్చినదని 1952లో పొన్నుస్వామి కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. 2003లో న్యాయమూర్తి పి. వెంకటరామరెడ్డి అది ప్రాథమిక హక్కు కాకపోయినా రాజ్యాంగపరమైన హక్కు అని వివరించారు. ఓటు అనుగ్రహమైతే అడిగేవాడే అర్హత చూపుకోవాలి. హక్కైతే కాదనేవాడే కారణం చూపాలి. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు రెండవ మార్గానికే మొగ్గింది. జాబితాలో ఇదివరకే ఉన్న పేరును తొలగించే ముందు, ఆ పేరు చట్టబద్ధంగానే చేరిందని భావించాలని, ఓటరు వాదన వినాలని చెప్పింది. 1950 నాటి చట్టంలోని 22వ సెక్షను సైతం వాదన వినిపించుకొనే అవకాశాన్ని కోరుతుంది. తాత్కాలికంగా ఊరు విడిచినంతమాత్రాన నివాసార్హత పోదని 20వ సెక్షను చెబుతుంది. పాలమూరు నుంచి పనికోసం దూరదేశం పోయే కూలీకి ఈ వాక్యమే రక్ష. కాని తలుపుకు తాళం చూసి వెనుదిరిగే సిబ్బందికి తాత్కాలికమేదో, శాశ్వతమేదో తెలియదు.

2025లో బీహారులో జరిగిన ప్రత్యేక సమగ్ర సవరణ ఈ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. 2003 జాబితాలో లేనివారిని పత్రాలు సమర్పించమన్నారు. ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో అంతకుముందున్న పేర్లలో సుమారు 65 లక్షలు లేవు. మరణం, వలస, రెండుచోట్ల నమోదు వంటివి కారణాలని సంఘం తెలిపింది. ఆ పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ తొలగింపులలో ఎన్ని సమంజసమన్న విషయం అలా ఉంచితే, కారణం చెప్పమని న్యాయస్థానం అడగవలసి రావడమే గమనార్హం. కారణం చెప్పడం సంఘం ప్రథమ కర్తవ్యం.

ముగింపు

ఓటర్ల జాబితా రాజ్యం పౌరునికి చెల్లించవలసిన బాకీ. బాకీపడినవాడే లెక్క చూపాలి. కనుక తొలగించదలచిన ప్రతి పేరుకు వ్యక్తిగత నోటీసు, కారణంతో కూడిన జాబితాను గ్రామంలోనే ప్రకటించడం, జవాబుకు తగిన గడువు తప్పనిసరి కావాలి. క్రితం ఎన్నికల జాబితాలో ఉండి ఇప్పుడు లేనివారు పోలింగునాడు వస్తే, వారి ఓటును సీలు చేసి ఉంచి, విచారణ తరువాత లెక్కించే ఏర్పాటు చేయాలి. టెండరు ఓటును ఎరిగిన వ్యవస్థకు ఇది అపరిచితమైన ఊహ కాదు. కాగితాలు లేని కాందిశీకుని మాటను నమ్మి ఈ గణతంత్రం తన తొలి జాబితాను రాసుకుంది. పేరు చెప్పని స్త్రీ విషయంలో ఆ నమ్మకం చూపలేకపోయింది. ఈ రెండింటిలో దేనిని సంప్రదాయంగా స్వీకరించాలో నేటి ఎన్నికల పాలన తేల్చుకోవలసి ఉంది.