నీళ్ళలోకి దిగే ముందు

నాకు ఈత రాదు. మా ఊరి చెరువులో అన్నయ్యలు గట్టు మీద నుంచి దూకుతుంటే అక్కా నేనూ వాళ్ళ బట్టలకి కాపలా కూర్చునేవాళ్ళం. ఆడపిల్లలకి ఈతెందుకని మమ్మల్ని ఎవరూ ఆపలేదు. మేం అడిగితే కదా ఆపడానికి! నీళ్ళతో మా సంబంధమంతా బిందెలు, బట్టలు, అంట్లు, ముట్టు స్నానాలతోనే సరిపోయింది. నీళ్ళు మోయడం తెలుసు గానీ నీళ్ళు మనల్ని మోస్తాయని అరవై ఒకటో ఏట గానీ నాకు తెలియలేదు.

అది తెలిసింది అమెరికాలో, ఆరిజోనా ఎడారిలో, గ్రాండ్ కాన్యన్‌కి చేరిన ఒక పక్క లోయలో. మా అమ్మాయి ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తోంది. నేను రిటైరయ్యాక మొదటిసారి దాని దగ్గరికి వెళ్ళినప్పుడు, "అమ్మా, ఈసారి గుళ్ళూ షాపింగులూ వద్దు, నడిపిస్తాను" అంది. హవాసు జలపాతానికి వెళ్ళాలంటే రూట్ 66 వదిలాక అరవై మైళ్ళకు పైగా పెట్రోలు బంకు కూడా లేని రోడ్డు. అది ఒక కొండ అంచున ఆగిపోతుంది. అక్కడి నుంచి కాలినడకే. 8 మైళ్ళు దిగితే సుపాయ్ అనే ఊరు, ఇంకో రెండు మైళ్ళకి జలపాతం. ఆ ఊరికి కారు రోడ్డు లేదు. ఉత్తరాలు ఇప్పటికీ కంచరగాడిదల మీదే వస్తాయి. ఎండకి భయపడి తెల్లవారుజామున మూడింటికి హెడ్‌లైట్లు నుదుటికి కట్టుకుని బయల్దేరాం. వెలుతురొచ్చేసరికి రెండు పక్కలా ఎర్రటి గోడలు, పైన సన్నటి ఆకాశం. మోకాళ్ళ మాట చెప్పను. వాటి గురించి చెప్తే వ్యాసం అక్కడే ఆగిపోతుంది.

తర్వాత ఆ నీళ్ళు. ఎర్రరాతి గోడ మీద నుంచి సుమారు వంద అడుగులు కిందికి దూకి, కింద పాలు కలిసిన నెమలికంఠం రంగులో నిలబడతాయి. సున్నపురాళ్ళలోంచి ఊరి వచ్చిన నీరది. అందులో కరిగిన సున్నం అడుగున పేరుకుంటూ మెట్లు మెట్లుగా మడుగులు కడుతుంది. ఆ రంగుకి కారణమూ అదే. అమ్మాయి నా నడుం కింద చెయ్యి పెట్టి, "తల వెనక్కి వాల్చమ్మా, నేనున్నాగా" అంది. చిన్నప్పుడు దానికి నేను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేదాన్ని. వాల్చాను. చెవుల్లోకి నీళ్ళు రాగానే లోకం శబ్దం ఆగిపోయింది. ఎప్పుడో అమ్మాయి చెయ్యి తీసేసిందట. నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక ఈ అనుభవం రాయడానికి కూర్చున్నాను. మొదటి వాక్యం సులువుగా వచ్చింది. ఎవరూ లేని ప్రకృతి ఒడిలో నా దేహం మొదటిసారి నాదైంది, అని. మన పత్రికల్లో ఇలాంటి వాక్యాలు నేను చాలా రాశాను, చాలా చదివాను. కానీ ఈసారి మొదటి మూడు మాటల దగ్గరే కలం ఆగింది. ఎవరూ లేని? నేను ఒక ఊరి మధ్య నుంచి కదా నడిచి వెళ్ళాను! బడి, దుకాణం, పోస్టాఫీసు, పెరట్లో గుర్రాలు, తీగల మీద ఆరేసిన బట్టలు. హవాసుపాయ్ అంటేనే నీలాకుపచ్చ నీళ్ళ మనుషులని అర్థం. నీళ్ళ పేరునే తమ పేరుగా పెట్టుకున్న వాళ్ళని నా వాక్యం ఒక్క మాటతో ఖాళీ చేయించేసింది.

ఖాళీ చేయించడం అక్కడ వాళ్ళకి కొత్త కాదు. వేసవిలో లోయలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకుని, చలికాలం పై పీఠభూమి మీద వేటాడుకునే జనం వాళ్ళు. 1882లో ప్రభుత్వం వాళ్ళకి లోయ అడుగున 518 ఎకరాలు గీసిచ్చి, మిగతాదంతా వాళ్ళది కాదంది. 1919లో గ్రాండ్ కాన్యన్ జాతీయ పార్కు అయింది. పార్కులో వాళ్ళు సాగు చేసుకునే ఒక చోటు నుంచి చివరి మనిషిని కూడా 1928లో పంపించేశారు. ఆ చోటుకి 'ఇండియన్ గార్డెన్' అన్న పేరు మాత్రం 2022 దాకా ఉంది. అప్పుడు దాన్ని 'హవాసుపాయ్ గార్డెన్స్'గా మార్చారు. కొన్ని తరాల పోరాటం తర్వాత 1975లో సుమారు 1,85,000 ఎకరాలు తిరిగొచ్చాయి. నేను తేలిన మడుగూ ఆ జలపాతమూ అలా వెనక్కి వచ్చినవే. ప్రకృతి నిర్జనంగా ఉండదు. ఎవరో ఎవర్నో తరిమితేనే అలా కనిపిస్తుంది. స్త్రీలం, ఇంటిచాకిరీ కనిపించకుండా పోవడం గురించి ఇంత రాసినవాళ్ళం, ఈ కనిపించకపోవడాన్ని ఎంత తేలిగ్గా నమ్మేస్తాం!

అయితే డబ్బు కట్టాం, అనుమతి కాగితం తీసుకున్నాం, ఇంకా ఈ అపరాధభావం దేనికని మా అమ్మాయి వాదన. అందులో న్యాయముంది. అనుమతి ఇచ్చేది ఆ తెగే. ఆ ఆదాయం మీదే ఊరు చాలావరకు నడుస్తుంది. నిజానికి నా మొదటి ఆలోచన ఇంకోలా పోయింది. వేరే దారి లేక ఇచ్చే అనుమతి సమ్మతి ఎలా అవుతుంది? పెళ్ళిలో మౌనం సమ్మతి కాదని ముప్పై ఏళ్ళుగా తరగతి గదుల్లో చెప్పినదాన్ని కదా. కానీ ఆ వాదన చివరిదాకా లాగితే ఎక్కడ తేలుతుందో చూడండి. వాళ్ళ అవుననే మాటకి విలువ లేదని, వాళ్ళ తరఫున నేను నిర్ణయిస్తున్నాను. అది ఇంకో రకం పెత్తనం. వాళ్ళు 2020 మార్చిలో కోవిడ్ వస్తుంటే లోయ మూసేశారు. ఆదాయం పోయినా 2023 ఫిబ్రవరి దాకా బయటివాళ్ళకి తెరవలేదు. కాదనగలరని చూపించారు. కాదనగలిగిన వాళ్ళు అన్న అవుననే మాటని గౌరవించడం నేర్చుకోవాలి.

మరి నన్ను కుట్టిందేమిటి? ఊళ్ళో జరిగిన ఒక చిన్న సంగతి. ఒక ఇంటి అరుగు మీద ఒక పెద్దావిడ చంటిపిల్ల తల దువ్వుతోంది. వెనక ఎర్ర కొండ. అప్రయత్నంగా ఫోను పైకెత్తాను. అమ్మాయి నా మణికట్టు పట్టుకుని దించేసింది. ఊరివాళ్ళ ఫొటోలు తీయకూడదని రాసిన నియమాలు ఇంట్లోనే చదివి వినిపించింది నాకు. ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. పిల్ల తల తన వైపు తిప్పుకుని, వీపు నా వైపు పెట్టి దువ్వడం కొనసాగించింది. స్త్రీ దేహం మీద పురుషుడి చూపు గురించి సెమినార్లలో పత్రాలు చదివిన నేను!

నా అనుమతి కాగితం నీళ్ళకీ, దారికీ, మూడు రాత్రుల పడకకీ. ఆ ముఖానికి కాదు. సమ్మతి అంటే అవునా కాదా అనే ఒక్క ప్రశ్న కాదు. దేనికి, ఎంతవరకు, ఆ తర్వాత ఎవరి చేతికి అనే ప్రశ్నలు కూడా.

ఇది హవాసుపాయ్ వాళ్ళు లోకానికి ఖరీదు పెట్టి నేర్పిన పాఠం. 1990ల మొదట్లో ఆ తెగలో షుగరు వ్యాధి విపరీతంగా ఉండటంతో, ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకి రెండొందల మందికి పైగా రక్తమిచ్చారు. మా జబ్బుకి దారి దొరుకుతుందని ఇచ్చారు. ఆ రక్తం మీద స్కిజోఫ్రీనియా, దగ్గరి రక్తసంబంధాలు, పూర్వీకుల వలసల గురించి కూడా పరిశోధనలు జరిగాయి. ఈ లోయలోనే పుట్టామని నమ్మే జనానికి, మీరు ఆసియా నుంచి వచ్చారని వాళ్ళ రక్తంతోనే చెప్పారు. 2003లో అదే యూనివర్సిటీలో ఒక డాక్టరేట్ పరిశోధనపై ప్రసంగం వింటున్న హవాసుపాయ్ మహిళ కార్లెట్టా టిలూసి లేచి, మా రక్తం వాడుకోవడానికి మా అనుమతి తీసుకున్నారా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న కోర్టు దాకా వెళ్ళింది. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్త నమూనాలు వెనక్కి ఇచ్చేసింది. వాళ్ళు సంతకం చేసిన పత్రంలో మాటలు విశాలంగానే ఉన్నాయని పరిశోధకుల వాదన. కాగితం ప్రకారం అది నిజం కావచ్చు. ఇచ్చినవాళ్ళు ఏమనుకుని ఇచ్చారో కాగితం మీద ఉండదు.

ఇదంతా చదువుతూ ఒక రాత్రి నేను లేచి కూర్చున్నాను. నాకు గుర్తొచ్చింది నా అలమారాలో అడుగు అరలో ఉన్న ఆరు క్యాసెట్లు.

1994లో పిహెచ్.డి. కోసం నల్లమలలో, అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో తిరిగాను. భుజాన టేప్ రికార్డరు. పగలంతా గడ్డలు తవ్వి, కట్టెలు మోసి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి నా కోసం పాడేవాళ్ళు. ఒకామె, అప్పటికే నలుగురు పిల్లల తల్లి, ఒక రాత్రి చనిపోయిన బిడ్డ మీద పాడింది. పాడాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను మాత్రం టేపు ఆపలేదు, ఆ నిశ్శబ్దం కూడా బాగుందని. పొద్దున ఆమె అడిగింది, "గీ పాటలు యాడికి తీస్కపోతవ్ బిడ్డా? ఎవల్కి ఇనిపిస్తవ్?" అందరికీ వినిపిస్తానన్నాను. అది నా ఔదార్యం అనుకున్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను సమ్మతి కింద రాసుకున్నాను. నాకు డాక్టరేట్ వచ్చింది, పుస్తకం వచ్చింది, ప్రమోషను వచ్చింది. ముందుమాటలో 'చెంచు సోదరీమణులకు' కృతజ్ఞతలు చెప్పాను. ఒక్క పేరూ రాయలేదు. మళ్ళీ ఆ పెంటకి వెళ్ళలేదు.

ఈ రెండు అడవుల మధ్య పోలిక నేను తెచ్చిపెట్టింది కాదు. హవాసుపాయ్ ఊటలకి పైన, వాళ్ళు పవిత్రంగా చూసుకునే రెడ్ బ్యూట్ కొండ దగ్గర యురేనియం గని ఉంది. అది భూగర్భ జలాల్ని పాడు చేస్తుందని వాళ్ళ ఆందోళన, చెయ్యదని కంపెనీ మాట. 2023 ఆగస్టులో తొమ్మిది లక్షల ఎకరాలకు పైగా నేలని జాతీయ స్మారకంగా ప్రకటించినా, పాత హక్కులున్న ఆ గని ఆగలేదు. ఆ ఏడాది చివర్లోనే తవ్వకం మొదలైంది. నల్లమలలో కూడా యురేనియం అన్వేషణ ప్రతిపాదన వస్తే చెంచులు, ఊళ్ళవాళ్ళు ఎదురు తిరిగారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అప్పుడు నేనూ సంతకాల ఉత్తరం మీద సంతకం పెట్టాను. అడవిని అడక్కుండా తవ్వొద్దని. ఆ అడవిలోంచి నేను తవ్వుకొచ్చింది అలమారాలో ఉండగానే.

గనీ పాటా ఒకటేనా అని మీరడగొచ్చు. ఒకటి కాదు. నేను ఎవరి నీళ్ళూ విషం చెయ్యలేదు. పరిశోధనలు మానేయాలనీ, ఆడవాళ్ళు జలపాతాలకి వెళ్ళకూడదనీ నేననడం లేదు. ఆ మడుగులో దొరికిన సంతోషానికి సిగ్గుపడను. దానికోసం మళ్ళీ 10 మైళ్ళు నడుస్తాను. మోకాళ్ళు ఒప్పుకుంటే. నేనంటున్నది, నష్టం చిన్నదైనంత మాత్రాన అడగాల్సిన పని తప్పదని. ప్రేమతో తీసుకున్నా అడగాలి. 'మన ఆడవాళ్ళే కదా' అనే చనువుతో తీసుకున్నప్పుడు మరీ అడగాలి. ఆ చనువు నా వైపు నుంచే ఉంది, ఆమె వైపు నుంచి ఉందో లేదో నేను కనుక్కోలేదు.

తిరిగొచ్చాక క్యాసెట్లు బాగుచేయించి ఫోన్లోకి ఎక్కించి, కిందటి చలికాలం ఆ పెంటకి వెళ్ళాను. పాడినామె లేదు. కూతురు ఉంది, నా కూతురి కంటే పెద్దది. గుడిసె ముందు కూర్చుని విన్నది. మొదటి పాటకి నవ్వింది, వాళ్ళ పిల్లల్ని పిలిచింది. ఆ పాట వచ్చినప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది. మూడుసార్లు విన్నాక అంది:

"తక్కినయి ఎవల్కన్న ఇనిపియ్యి. ఇది మాత్రం వద్దు. మా అమ్మ ఏడ్సింది గది. ఇంట్ల ఉండనీ."

సరేనన్నాను. నా దగ్గరున్న ప్రతి కాపీలోంచి ఆ పాట తీసేశాను. ఆ క్యాసెట్టు ఆమె దగ్గరే వదిలి వచ్చాను. పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తే ఆ పాట ఉండదని ప్రచురణకర్తకి రాశాను. కానీ అచ్చయిన కాపీలున్నాయి. అందులో ఆ పాటకి నాలుగు పేజీలు, దాని శిల్పం మీద నా వ్యాఖ్యానం ఆరు పేజీలు. మీలో కొందరి అలమారాల్లో ఆ పుస్తకం ఉందని నాకు తెలుసు. క్లాసులో ఆ పాట చదివి వినిపిస్తామని కొందరు నాతో సంతోషంగా చెప్పారు కూడా. ఇక చదవొద్దని అడగడానికే ఇది రాశాను.