ఆయమ్మ పని, గృహస్థుని ఋణము

“ఆమె మా ఇంటి మనిషి” అను మాట, పసిబిడ్డను సాకుటకు ఆయాను పెట్టుకొన్న ఇండ్లలో తరచుగా వినబడును. అది అబద్ధము కాదు. కాని ఏ సమయమున ఆ మాట పలుకుదురో గమనింపవలెను. రాత్రి ఎనిమిది దాటినను ఆమెను ఇంటికి పంపనప్పుడు, బిడ్డ కొరకు వచ్చిన ఆమె చేత అంట్లు తోమించునప్పుడు ఆమె ఇంటి మనిషి. జీతము పెంచుమని అడిగిన నాడు, పండుగకు సెలవు కోరిన నాడు పనిమనిషి.

ఈ పనిలోని కష్టము ఒంటి శ్రమ మాత్రమే కాదు. తల్లి ఒక విధముగా తినిపించుమనును, నాయనమ్మ మరొక విధముగా చెప్పును. ఎవరి మాట విన్నను రెండవవారికి కోపము. బిడ్డకు జలుబు చేసినచో మొదటి అనుమానము ఆయా మీదనే. బిడ్డ ఆమెకు మాలిమియై, తల్లి పిలిచినను చంక దిగకున్నచో అదియు నేరమే. మాలిమి కాకున్నచో పని చేతకాదందురు. యజమానులు పదిరోజులు ఊరికి పోయినచో ఆ పదిరోజుల జీతము కోయువారును కలరు. పరుల బిడ్డను ఆమె ఎత్తుకొన్న వేళ, ఆమె కన్నబిడ్డ పొరుగింటి ముసలమ్మ వద్ద నుండును.

వీటికంటె లోతైన చిక్కు మరియొకటి. బిడ్డ తానుగా అన్నము తిని, మాటలు నేర్చి, మూడేండ్లకు బడికి పోయిన నాడు ఆమె పని ముగియును. కుమ్మరి చేసిన మంచి కుండ మరొక కుండకు గిరాకి తెచ్చును. ఆమె నేర్పు ఆమెకే పని లేకుండ చేయును. పోవునప్పుడు చేతిలో ఒక చీర ఉండవచ్చును. ఇన్నేండ్లు పని చేసినదని తెలుపు కాగితము మాత్రముండదు. తరువాతి ఇంట జీతము మరల మొదటి నుండియే. నలుబదియైదేండ్లు దాటి మోకాళ్లు నొచ్చుచున్న స్త్రీని, పరుగెత్తు బిడ్డ కొరకు ఎవరు పెట్టుకొందురు?

12వ శతాబ్దమున కల్యాణములో శరణులు కాయకమునకు హెచ్చుతగ్గులు లేవనిరి. నులియ చందయ్య నార పేని త్రాళ్లు చేసెను. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యము ఏరుకొని వచ్చెడివాడు. ఒకనాడు అతడు ఎక్కువ బియ్యము తేగా, భార్య లక్కమ్మ దానిని తిరిగి పోసి రమ్మని పంపిన కథ ఎరుగని శరణకుటుంబముండదు. ఈ కథను కూలి అడుగువారికి చెప్పుటకు అందరును సిద్ధమే. గృహస్థుడు తనకు తాను చెప్పుకొనుట అరుదు. ఆయా చేత చేయించుకొన్న రెండు గంటల అదనపు పని ఎవరి ఇంట చేరినది? అట్లు మిగిలిన ధనముతో చేసిన దాసోహము ఎవరిది?

తల్లి జీతములో సగము ఆయాకే పోవుచున్నదని కొందరందురు. తండ్రి జీతములో నుండి ఆ లెక్క ఎందుకు తీయరో తెలియదు.

ఉద్యోగము విడుచునప్పుడు ఆ గృహస్థుడు గ్రాట్యుటీని హక్కుగా తీసికొనును. 1972 నాటి గ్రాట్యుటీ చట్టము పదిమంది లేదా అంతకు మించి పనిచేయు సంస్థలనే ఉద్దేశించినది. 2020 సామాజిక భద్రతా స్మృతియు ఆ లెక్కనే నిలిపినది. ఇల్లు దాని పరిధిలోనికి రాదు. కడప, రాయచోటి, కోనసీమల నుండి మన స్త్రీలు ఎందరో ఇంటిపనికి పోవు కువైటులో, 2015లో వచ్చిన 68వ చట్టము వారమునకొక విశ్రాంతి దినమును, పని ముగించునప్పుడు ఏడాదికొక నెల జీతమును నిర్ణయించినది. ఆచరణలో అది అందరికి దక్కుటలేదు గాని, ఇంటిపనికిని అట్టి లెక్క కట్టవచ్చునని తేలినది.

మన ఇండ్లలో చట్టము కొరకు వేచియుండ నక్కరలేదు. ఆయా పేర తపాలా కార్యాలయమున నెలనెలా కొంత పొదుపు వేయవచ్చును. ఏ వయస్సు బిడ్డను ఎన్నేండ్లు సాకినదో వ్రాసి సంతకము చేసి ఈయవచ్చును. బిడ్డను జూనులో బడికి పంపదలచినచో, ఆ సంగతి ఆమెకు జనవరిలోనే చెప్పవచ్చును.