క్యాలెండరు వెనక గోడ

కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజున గోడల వంక ఎవరు చూస్తారండీ! పాలగిన్నె వంకే చూస్తాం. నేనూ అంతే. మూడో వానాకాలానికి గానీ మా పడగ్గది గోడ మీద చెమ్మ నా కంటపడలేదు. మొదట అరచెయ్యంత, తర్వాత విస్తరాకంత. ఇప్పుడు పెచ్చులూడి, తుడిచినకొద్దీ పొడి రాలుతోంది. తాపీమేస్త్రీ వచ్చి గోటితో గీకి చూసి, "ఇసక ఎక్కువ, సిమెంటు తక్కువ. పై బాత్రూం నీళ్లు దిగకుండా చెయ్యాల్సిన పనీ చెయ్యలేదమ్మా" అని తేల్చేసి, కాఫీ తాగి వెళ్లాడు.

హైదరాబాదులో మా అపార్టుమెంటుకి పన్నెండు ఫ్లాట్లు. చెమ్మ లేనివి రెండో, మూడో. మరి కట్టినవాణ్ణి అడగరేం అంటారా? అడగొచ్చు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు ఇలాంటి లోపం అతని దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా పుచ్చుకోకుండా బాగుచెయ్యాలి. చెయ్యకపోతే పరిహారం ఇచ్చుకోవాలి. అంతకు చాలాముందే, 1993లో, ఇళ్లు కట్టివ్వడం కూడా సేవేననీ, లోపముంటే వినియోగదారుల కోర్టుకెళ్లొచ్చనీ సుప్రీంకోర్టు చెప్పింది. మాకింకా నాలుగు నెలల గడువుంది.

మేడమీద మీటింగు పెట్టుకున్నాం. సెక్రటరీగారు గొంతు తగ్గించి, "కేసు వేశామనుకోండి, ఈ బిల్డింగు కారుతుందని ఊరంతా తెలుస్తుంది. రేపు మన ఫ్లాటు ఎవరు కొంటారు?" అన్నారు. అంతే, అందరి నోళ్లూ మూతపడ్డాయి. నా నవలల్లో నాయికలైతే ఇలాంటి చోట లేచి నిలబడి మాట్లాడతారు. నేను మాత్రం ఇంకో మిరపకాయ బజ్జీ అందుకున్నాను.

నెల తిరక్కుండానే ఎదురు ఫ్లాటు వదినగారు ఇల్లు అమ్మకానికి పెట్టారు. పుట్టీ పెట్టించి, రంగు వేయించి, అప్పటికీ ఉబుకుతున్న చెమ్మ మీద వేంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించారు. చూడ్డానికి ఓ చిన్న జంట వచ్చింది. ఆ అమ్మాయికి ఏడో నెలో, ఎనిమిదో నెలో. లిఫ్టు దగ్గర నన్ను ఆపి, "ఆంటీ, మీరిక్కడే ఉంటున్నారుగా, ఇల్లు బావుంటుందా?" అంది.

"గాలి బాగా వస్తుందమ్మా" అన్నాను.

అబద్ధం కాదు. గాలి నిజంగానే బాగా వస్తుంది.

ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే, బ్యాంకులో ఇంటి అప్పుల కాగితాలు చూసే మావారు చెప్పారు. పైకి కనబడని లోపం తెలిసుంటే, అమ్మేవాళ్లు కొనేవాళ్లకి చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉందట. "అయినా నీకెందుకు బెంగ? అమ్మేది నువ్వు కాదుగా!" అని అటు తిరిగి పడుకున్నారు. నిజమే, లిఫ్టు దగ్గర నిలబడ్డవాళ్ల గురించి ఆ చట్టం ఏమీ అనలేదు కాబోలు.

కానీ ఆ బిల్డరు మాకు చేసిందేమిటి? లోపం మీద రంగు పూసి అమ్మాడు. అందుకేగా రోజూ తిట్టుకుంటున్నాం! మోసపోయినవాళ్లకి ఆ మోసాన్ని ఇంకొకరికి అంటగట్టే హక్కు ఎక్కణ్ణించి వచ్చింది? అలాగని వదినగారిని చెడ్డమనిషి అనలేను. నాకు జ్వరమొస్తే మూడు రోజులు జావ కాచి తెచ్చిన మనిషి. కూతురి పెళ్లి అప్పులు మెడ మీదున్నాయి. కానీ ఆ గదిలోనేగా రేపు పసిబిడ్డని పడుకోబెట్టేది.

తెల్లారాక వెళ్లాను. "వదినగారూ, ఆ క్యాలెండరు తీసి చూపించండి. బాగుచెయ్యమని బిల్డరుకి అందరం కలిసి రాద్దాం. ఆ కాగితమూ వాళ్లకి చూపిద్దాం" అన్నాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "మీ ఫ్లాటు అమ్మేరోజునా ఇదే మాటంటారా?" అన్నారు. కోపంతో కాదు, తెలుసుకుందామనే. "అంటాను" అనడానికి నాకు నోరు పెగల్లేదు.

ఇంటికొచ్చి, ఏ ఫ్లాటులో ఏ గోడ, ఎప్పటినుంచి అని ఓ తెల్లకాగితం మీద రాసి, కింద మొదటి సంతకం నేనే పెట్టాను. సాయంత్రానికి నాలుగయ్యాయి. వదినగారిది ఇంకా పడలేదు. ఆ జంట అడ్వాన్సు ఇవ్వడానికి గురువారం వస్తున్నారట.

గురువారం నేనెక్కడికీ వెళ్లడం లేదు.