ఇంకో అర చుట్టు

ఒక పనిని గట్టిగా చేస్తే బాగా చేసినట్టేనా? ఎవరూ చూడనిచోట చేసిన పనికి సాక్షి ఎవరు?

అమెరికాలో తమ విమానాన్ని తామే షెడ్డులో కట్టుకునేవాళ్ళు వేలల్లో ఉన్నారు. సగానికి పైగా పని ఔత్సాహికులే చెయ్యాలని అక్కడి నిబంధన. అలాంటి విమానంలో ఇంజన్‌ను పట్టి ఉంచేవి కొద్దిపాటి బోల్టులే. అందుకే బిగించేవాడికి భయం. టార్క్ రెంచ్ చాలని చెప్పాక కూడా ఇంకో అర చుట్టు తిప్పుదామనిపిస్తుంది.

ప్రమాదం అక్కడే. బిగించిన బోల్టు స్ప్రింగులాగా కొద్దిగా సాగి, ఆ బలంతోనే భాగాలను అదిమి పట్టుకుంటుంది. తక్కువ బిగిస్తే ఇంజన్ అదురుకు వదులవుతుంది. మితిమీరితే లోహం మళ్ళీ వెనక్కి రానంతగా సాగిపోతుంది. పైకి మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. 3/8 అంగుళం బోల్టుకు మామూలు పట్టికలో ఉండే కొలత 160 నుంచి 190 ఇంచ్-పౌండ్లు. డిజైన్ చేసినవారు వేరే అంకె ఇస్తే అదే పాటించాలి. పట్టికలోని అంకె పొడి మరలకు. నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర బోల్టు ఎక్కువ సాగుతుంది. లాక్ నట్టు అయితే, అది ఉత్తినే తిరగడానికి పట్టే బలాన్ని ముందు కొలిచి కలుపుకోవాలి. "నా చేతికి తెలుసు" అంటే ఇక్కడ చెల్లదు.

పొరపాటున ఎక్కువ బిగించారనుకోండి. కాస్త వదులు చేసి, అంకె సరిచేసి ఊరుకోవచ్చా? కుదరదు. సాగిపోయిన బోల్టును తీసిపారేసి కొత్తది వెయ్యాలి. వెయ్యకుండా పైన రంగు గీత గీసేస్తే ఎవరు కనిపెడతారు? అక్కడ కట్టినవాడే సర్టిఫికెట్ తీసుకుని ఏటేటా తన విమానాన్ని తానే తనిఖీ చేసుకోవచ్చు. ముద్దాయీ తానే, జడ్జీ తానే. పక్క సీట్లో కూర్చునేవాడికి, ఇది ఔత్సాహికులు కట్టిన విమానమని హెచ్చరించే పలక ఎదురుగా కనిపిస్తుంది. ఆ బోల్టు కనిపించదు. కట్టినవాడి మాట నమ్మి అతను తన ప్రాణం అప్పగిస్తాడు.

కాబట్టి భయాన్ని జాగ్రత్త అనుకోకండి. భయం ఇంకో అర చుట్టు తిప్పమంటుంది, జాగ్రత్త కొలిచి ఆగమంటుంది. సమ్యక్ అనే మాటకు మనం చెప్పుకునే అర్థం 'సరిగ్గా' అనే కదా, 'ఎక్కువగా' అని కాదు. మీ చేతిలో ఉన్నది పానా కాకపోవచ్చు, నలుగురి డబ్బు రాసుకునే లెక్కల పుస్తకం కావచ్చు. తప్పు జరిగిందని మీకొక్కరికే తెలిసినా, గీత గీసి దాచకండి. ఆ బోల్టు మార్చండి.